డీ డ్రైవ్‌లో పెట్టినంత మాత్రాన ఫైళ్లు భద్రంగా ఉన్నట్టు కాదు

“ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో పెట్టేశాను, ఇక విండోస్ పోయినా టెన్షన్ లేదు.” ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు, కొన్నేళ్ల కిందటి వరకూ నేనూ ఇదే అనేవాణ్ని. ఒకరోజు పొద్దున్నే లాప్‌టాప్ ఆన్ చేస్తే లోపలినుంచి ఆగి ఆగి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది, కాసేపటికి బూట్ అవ్వడానికి డిస్కే కనబడటం లేదని తెర మీద ఒక వాక్యం వచ్చింది. సీ డ్రైవ్‌తో పాటే డీ డ్రైవూ పోయింది. అందులో ఆరేళ్ల ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు, అమ్మ మాట్లాడుతుంటే రికార్డు చేసుకున్న రెండు ఆడియో ఫైళ్లు ఉన్నాయి. పోయినందుకు ఎంత బాధపడ్డానో, అన్నేళ్లూ అవి భద్రంగా ఉన్నాయని ధీమాగా ఉన్నందుకు అంతకంటే ఎక్కువ బాధపడ్డాను.

సీ, డీ అనేవి రెండు డిస్కులు కావు. చాలా కంప్యూటర్లలో ఉండేది ఒకటే డిస్కు, దాని మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఇక్కడినుంచి ఇక్కడిదాకా మొదటి భాగం, అక్కడినుంచి చివరిదాకా రెండో భాగం అని అందులో రాసి ఉంటుంది, అంతే. ఈ భాగాల్నే పార్టిషన్లు అంటాం. ఒకే ఇంట్లో రెండు గదుల మధ్య గోడ కట్టినట్టు అన్నమాట, ఇల్లే కూలితే ఏ గదిలో ఏం దాచామన్నదానికి అర్థం లేదు. మీ కంప్యూటర్లో సంగతేంటో చూసుకోవాలంటే స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, కింది సగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని వరసలు కనిపిస్తాయి. సీ, డీ రెండూ డిస్క్ 0 అన్న వరసలోనే ఉంటే అవి ఒకే వస్తువు మీద ఉన్నట్టు.

అలాగని పార్టిషన్ పనికిమాలినదేమీ కాదు. విండోస్ చెడిపోయి మళ్లీ వేసుకోవాల్సి వస్తే, సీ ఒక్కటే ఫార్మాట్ చేసి డీ జోలికి వెళ్లకుండా పని ముగించొచ్చు. అంటే అది ఒక ప్రమాదానికి జవాబు, ఆ ఒక్క ప్రమాదానికే. ఈ విషయంలో జనం తికమక పడేదంతా ఇక్కడే అని నాకనిపిస్తుంది. పార్టిషన్, రెయిడ్, సింక్, ఎన్‌క్రిప్షన్, బ్యాకప్ అన్నింటినీ కలిపి “సేఫ్టీ” అనే ఒక్క మాట కింద పడేస్తాం. నిజానికి వాటిలో ఒక్కొక్కటీ ఒక్కో రకం ప్రమాదం కోసం పుట్టింది. డిస్కు చచ్చిపోవడం వేరు, చెయ్యి జారి డిలీట్ కొట్టడం వేరు, వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేయడం వేరు, లాప్‌టాప్ ఎవరో ఎత్తుకుపోవడం వేరు, ఇంట్లో మంటలో నీళ్లో వస్తే ఉన్నవన్నీ ఒకేసారి పోవడం వేరు. మీ దగ్గరున్న ఏర్పాటు వీటిలో దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు అని విడివిడిగా అడిగితేనే విషయం తేలుతుంది. నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటుంది: ఒకే ప్రమాదం రెండు కాపీలనూ తీసుకుపోగలిగితే నా దగ్గరున్నది రెండు కాపీలు కాదు, ఒక్కటే.

రెయిడ్‌నే తీసుకోండి, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడుకునే పద్ధతి. రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో రాసిందల్లా రెండోదానిలోనూ రాసేలా చేస్తే దాన్ని మిర్రర్ అంటారు. ఒక డిస్కు చచ్చినా పని ఆగదు, అదే దాని గొప్ప. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఈ పద్ధతుల మీద రాసిన పరిశోధన పత్రంతో రెయిడ్ అన్న పేరు స్థిరపడింది. డిస్కులు చెడిపోతాయి, చెడినా వ్యవస్థ నడుస్తూ ఉండాలి అన్నదే అందులో అసలు ఆలోచన. కానీ మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. కరెంటు ఒక్కసారిగా ఎక్కువై డబ్బాలోకి వస్తే రెండూ కలిసే కాలిపోవచ్చు, ఒకే డబ్బాలో ఉన్నాయి కాబట్టి. ఇంట్లో రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల డబ్బా) పెట్టుకుని “నాకు బ్యాకప్ ఉంది” అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇంకోసారి ఆలోచించండి.

సింక్ సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే అది చూడ్డానికి అచ్చం బ్యాకప్‌లాగే కనిపిస్తుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటివి చేసే ప్రధానమైన పని మీ ఫోల్డర్‌ని అన్నిచోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ మారిస్తే అక్కడా మారుతుంది, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. సింక్ అద్దంలాంటిది, మీరిప్పుడు ఎలా ఉన్నారో చూపిస్తుంది, నిరుడు ఎలా ఉన్నారో చూడాలంటే పాత ఫొటో కావాలి కదా, ఆ పాత ఫొటోయే బ్యాకప్. ఈ సేవల్లో చెత్తబుట్ట, పాత వెర్షన్లు ఉండేమాట నిజమే, కానీ వాటికి గడువు ఉంటుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో వేసినవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి, వన్‌డ్రైవ్ వ్యక్తిగత ఖాతాలోనూ మామూలుగా అంతే. రెండు నెలల కిందట పొరపాటున తీసేసిన ఫోల్డర్ ఇవాళ గుర్తొస్తే సింక్ మీకేమీ చేయలేదు. ఇక ఖాతాయే చేజారితే, పాస్‌వర్డ్ ఎవరో మార్చేస్తే, అప్పుడు అందులో ఉన్నవన్నీ ఒకేసారి అందకుండా పోతాయి.

క్లౌడ్ అంటే ఎక్కడో ఆకాశంలో ఉండేదని కూడా అనుకోకూడదు. అదీ ఎవరో కట్టిన ఒక భవనంలోని డిస్కుల మీదే ఉంటుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో క్లౌడ్ సేవలిచ్చే ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్‌కి నిప్పంటుకుని ఒక భవనం మొత్తం కాలిపోయింది. వేరేచోట కాపీ పెట్టుకోని కొందరు ఖాతాదారుల డేటా మళ్లీ దొరకలేదు. పెద్ద సేవలు ఒకే ఫైలుని చాలాచోట్ల ఉంచుతాయి కాబట్టి మామూలు వాడకందారు దీని గురించి అంతగా భయపడనక్కర్లేదు, అయినా ఉన్న ఒకే ఒక్క కాపీ క్లౌడ్‌లో మాత్రమే ఉండటం నాకు నచ్చదు.

ఇంత చెప్పాక బ్యాకప్ ఎలా తీసుకోవాలో చెప్పడానికి ముందు, దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఏది ఎక్కడుందో తెలియకపోతే దేన్ని కాపాడతాం?

ముందు సర్దుకోవాలి

చాలామంది కంప్యూటర్లలో ఫైళ్లు నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. డెస్క్‌టాప్ మీద కొన్ని, డౌన్‌లోడ్స్‌లో కొన్ని, డాక్యుమెంట్స్‌లో కొన్ని, ఎప్పుడో పెన్‌డ్రైవ్‌నుంచి దించిన “న్యూ ఫోల్డర్ 3”లో కొన్ని. కంటికి కనపడనివి ఇంకా ఉంటాయి. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా అని దాచి ఉంచిన ఫోల్డర్ ఒకటుంటుంది, బ్రౌజర్ బుక్‌మార్కులు, చాలా ప్రోగ్రాముల సెట్టింగులు, కొన్నిసార్లు మెయిల్ ఫైళ్లు కూడా అందులోనే ఉంటాయి. విండోస్ మళ్లీ వేసుకున్నాక “అన్నీ కాపీ చేశానే, బుక్‌మార్కులేవి?” అని జనం వెతుక్కునేది అందుకే.

సర్దేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే, ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? మీరు తీసిన ఫొటోలు, మీరు రాసినవి, స్కాన్ చేసిన కాగితాలు మళ్లీ దొరకవు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు, దించుకున్న సినిమాలు దొరుకుతాయి. ఈ రెంటినీ రెండు వేరు ఫోల్డర్లుగా విడదీస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే అప్పుడు మొదటి ఫోల్డర్ ఒక్కదానికే బ్యాకప్ తీసుకుంటే చాలు. దొరకనివాటి మొత్తం సైజు చాలామందికి వాళ్లనుకున్నదానికంటే చాలా తక్కువే ఉంటుంది. డిస్కు నిండిపోయిందని దిగులుపడేవాళ్లు విన్‌డిర్‌స్టాట్ లేదా విజ్‌ట్రీ లాంటి ప్రోగ్రాము ఒకసారి నడిపి చూడండి, ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో పెద్ద చిన్న గళ్ల రూపంలో చూపిస్తుంది. ఎక్కువసార్లు ఎప్పుడో మర్చిపోయిన వీడియోలో, పాత ఫోన్ బ్యాకప్పో బయటపడుతుంది. (కొత్త 1 టీబీ డిస్కు కొంటే విండోస్ 931 జీబీయే చూపిస్తోందని ఆందోళన పడకండి, ఎవరూ మోసం చేయలేదు. తయారీదారు లక్ష కోట్ల బైట్లను 1 టీబీ అంటాడు, విండోస్ ఆ సంఖ్యని 1024తో మూడుసార్లు భాగించి జీబీ అని రాస్తుంది.)

పేర్ల విషయంలో ఒక్క అలవాటు చాలా మేలు చేస్తుంది, తేదీని ఏడాది, నెల, రోజు వరసలో ముందు రాయడం. 2024-03-15 అని మొదలయ్యే పేర్లన్నీ పేరు వరసలో పెట్టినా కాలం వరసలోనే నిలబడతాయి, 15-03-2024 అని రాస్తే ఆ వరస చెదిరిపోతుంది. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే వరస కూడా ఇదే. ఫోల్డర్లో ఫోల్డర్, దానిలో ఇంకో ఫోల్డర్ అంటూ మరీ లోతుకి పోవద్దు. విండోస్‌లో ఫైలు ఉన్న చోటు పూర్తి పేరు 260 అక్షరాలు దాటితే ఇప్పటికీ చాలా ప్రోగ్రాములు ఇబ్బంది పడతాయి, కాపీ సగంలో ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. డూప్లికేట్లు ఏరేసే ప్రోగ్రాములు మాత్రం బ్యాకప్ తీసుకున్న తర్వాతే వాడండి, ముందు కాదు.

డిస్కు ఎలా చస్తుంది

తిరిగే హార్డ్ డిస్కు, చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ రెండూ చచ్చే తీరు ఒకటి కాదు. హార్డ్ డిస్కులో పళ్లేల్లాంటివి నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి, వాటికి వెంట్రుకవాసికంటే తక్కువ ఎత్తులో ఒక తల కదులుతుంటుంది. కింద పడితే, గట్టిగా కుదుపు తగిలితే ఆ తల పళ్లేన్ని గీరుతుంది. కానీ చాలాసార్లు ఇది చెప్పి చస్తుంది: చప్పుడు మారుతుంది, ఫోల్డర్ తెరవడానికి అరనిమిషం పడుతుంది, ఫైలు కాపీ ఒకేచోట ఆగుతుంది. నా డిస్కు కూడా రెండు వారాల ముందు నుంచే నెమ్మదించింది, నేనే పట్టించుకోలేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు, కుదుపుకి తట్టుకుంటుంది, కానీ పోయినప్పుడు తరచు ఏ హెచ్చరికా లేకుండా పోతుంది, నిన్న రాత్రి బాగానే పనిచేసినది ఇవాళ పొద్దున కంప్యూటర్‌కి కనిపించనే కనిపించదు.

డిలీట్ చేసిన ఫైలు వెనక్కి తెచ్చుకోవడంలోనూ ఈ తేడా పెద్దది. హార్డ్ డిస్కులో ఫైలు తీసేసినా అందులోని సమాచారం వెంటనే చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని పట్టికలో గుర్తు మారుతుందంతే, ఆ చోట కొత్తది రాసేలోపు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు లాగొచ్చు. అందుకే పొరపాటు జరగగానే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా దాంట్లో ఇన్‌స్టాల్ చేయకుండా వెంటనే ఆపేయాలి. ఎస్‌ఎస్‌డీలో అలా కుదరదు. ట్రిమ్ అనే ఆదేశం ఉంటుంది, ఫైలు తీసేయగానే ఈ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డిస్కుకి చెప్పేస్తుంది, డిస్కు తీరిక చూసుకుని దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. వేగం తగ్గకుండా ఉండటానికి అది అవసరమే, కానీ రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాక ఎస్‌ఎస్‌డీనుంచి ఫైలు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. మనలో ఎక్కువమంది ఇప్పుడు వాడుతున్నవి ఎస్‌ఎస్‌డీలే, మనసులో మాత్రం ఇంకా “పోయినా రికవరీ చేయించొచ్చులే” అన్న పాత ధైర్యమే ఉంది.

డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే లెక్క రాసుకుంటాయి, దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడొచ్చు. హార్డ్ డిస్కులో రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టేసిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (చెడినట్టు అనుమానమున్న చోట్లు) అన్న రెండు వరసలు చూస్తే చాలు, ఆ సంఖ్యలు సున్నా దాటి పెరుగుతూ పోతుంటే ఆ డిస్కుని ఇక నమ్మొద్దు. అన్నీ బాగున్నాయని చూపించిన డిస్కు కూడా మర్నాడు పోవచ్చు, కాబట్టి దీన్ని హెచ్చరికగా తీసుకోవాలే తప్ప హామీగా కాదు. ఇంకో మాట, ఎస్‌ఎస్‌డీలో ఫైళ్లు పెట్టి ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంచేయకండి, అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది, మెల్లమెల్లగా కారిపోతుంది. అప్పుడప్పుడూ తీసి చూసుకునే బ్యాకప్‌కి మామూలు బయటి హార్డ్ డిస్కే నయం.

బ్యాకప్ అంటే

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ దీనికి మంచి దారి. మొత్తం మూడు కాపీలు, రెండు వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఇది అంత పెద్ద పనేం కాదు: కంప్యూటర్లో ఉన్న అసలు ఫైళ్లు ఒకటి, బయటి హార్డ్ డిస్కు రెండు, క్లౌడ్ గానీ, దగ్గరివాళ్ల ఇంట్లో ఉంచిన మరో డిస్కు గానీ మూడు. నా కొలబద్ద పెట్టి చూస్తే ఇది ఎందుకు పనిచేస్తుందో తెలుస్తుంది, డిస్కు చస్తే రెండు మిగులుతాయి, ఇల్లు మునిగితే ఒకటి మిగులుతుంది, ఖాతా పోతే రెండు మిగులుతాయి.

బయటి డిస్కు విషయంలో జనం చేసే తప్పు ఒకటుంది, దాన్ని ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉంచుతారు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకినప్పుడు అది ఆ కంప్యూటర్‌కి తగిలి ఉన్న డ్రైవుల్లోని ఫైళ్లనూ వదల్లేదు. డ్రైవుకి ఒక అక్షరం ఉంటే, మీరు తెరవగలిగితే, అదీ తెరవగలదు. (ఆ దాడికి రెండు నెలల ముందే, మార్చిలోనే మైక్రోసాఫ్ట్ దానికి మందు అప్‌డేట్ రూపంలో ఇచ్చింది, వేసుకున్న కంప్యూటర్లను ఆ పురుగు నెట్‌వర్క్ దారిలో అంటుకోలేకపోయింది. అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.) బ్యాకప్ అయిపోగానే ఎజెక్ట్ కొట్టి, డిస్కు తీసి పక్కన పెట్టేయండి. ఎజెక్ట్ ఎందుకంటే రాయాల్సినదంతా ఇంకా రాసి ఉండకపోవచ్చు, ఒక్కసారిగా లాగితే ఫైళ్ల పట్టికే పాడవచ్చు. ఆ డిస్కు విండోస్‌లోనే వాడతారంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి, మ్యాక్‌లోనూ రాయాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 మాత్రం వద్దు, ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే అది తీసుకోదు.

చేత్తో కాపీ చేసుకుందాంలే అనుకోవద్దు, మొదటి నెల చేస్తాం, మూడో నెలకి మర్చిపోతాం. విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఉంది, మ్యాక్‌లో 2007నుంచి టైమ్ మెషిన్ ఉంది, ఈ రెండూ పాత వెర్షన్లని కూడా దాచిపెడతాయి, నిన్నటి ఫైలు, పోయిన నెల ఫైలు విడిగా తీసుకోవచ్చు. ఫైల్ హిస్టరీ మామూలుగా డెస్క్‌టాప్, లైబ్రరీల్లాంటి వాటినే చూసుకుంటుంది, మీవి డీ డ్రైవ్‌లో ఎక్కడో ఉంటే ఆ ఫోల్డర్‌ని మీరే లైబ్రరీలో చేర్చాలి. ఒక డిస్కుని ఇంకో డిస్కుకి అచ్చుగుద్దినట్టు చేసే మిర్రర్ ప్రోగ్రాములతో జాగ్రత్త, అసలులో పొరపాటున తీసేసినదాన్ని అవి కాపీలోంచి కూడా తీసేస్తాయి.

ఎన్‌క్రిప్షన్ అంటే కీ లేనివాళ్లు చదవలేకుండా ఫైళ్లకు తాళం వేయడం, దాని గురించి క్లుప్తంగానే చెబుతాను గానీ తేలిగ్గా తీసుకోవద్దు. లాప్‌టాప్ పోయినా అందులోవి ఎవరూ చదవకుండా విండోస్‌లోని బిట్‌లాకర్ కాపాడుతుంది, దొంగతనానికి అదే జవాబు. కానీ అదే తాళం మిమ్మల్నీ బయట ఉంచగలదు. కొత్త కంప్యూటర్లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అవ్వగానే ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయిపోతుంది, మదర్‌బోర్డు మార్చినప్పుడో, బయోస్ అప్‌డేట్ తర్వాతో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్కు బాగానే ఉన్నా లోపలివి పోయినట్టే, ఏ రికవరీ సెంటరూ ఏమీ చేయలేదు. ఇవాళే మీ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఎక్కడుందో చెప్పి పెట్టండి.

ఇక మిగిలింది, ఎవరూ చేయనిది, బ్యాకప్‌ని తెరిచి చూడటం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తీసేశాడు, దాదాపు 300 జీబీ. వెనక్కి తెద్దామని చూస్తే వాళ్లు పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు ఒకటొకటిగా పనిచేయడం లేదని బయటపడింది. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ ఉండబట్టి బతికిపోయారు, ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది. ఇదే పనిగా ఉండే ఇంజనీర్లకే అలా జరిగిందంటే, పచ్చ టిక్కు చూసి బ్యాకప్ అయిందనుకునే మన సంగతి ఏమిటి?

నేనిప్పుడు మూడు నెలలకోసారి బయటి డిస్కుని వేరే కంప్యూటర్‌కి తగిలించి, అక్కడక్కడా పది ఫైళ్లు తీసి తెరిచి చూస్తాను, ఒక పాత ఫొటో, ఒక పెద్ద వీడియో, ఒక స్కాన్. మొదటిసారి అలా చూసినప్పుడే ఒక ఏడాది ఫొటోల ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. కారణం వెతికితే, ఆ ఫొటోలు వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, కంప్యూటర్లో పేర్లు మాత్రమే ఉన్నాయి, పక్కన చిన్న మేఘం గుర్తుతో. చోటు మిగలడానికి అసలు ఫైళ్లు క్లౌడ్‌లోనే ఉంచేసింది, నా బ్యాకప్ ప్రోగ్రాము వాటిని వదిలేసి మిగతావి కాపీ చేసి, అంతా సవ్యంగా జరిగిందని చెప్పింది. ఆ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచమన్న ఎంపిక పెట్టి, రాత్రంతా డౌన్‌లోడ్ కానిచ్చి, తెల్లారాక మళ్లీ బ్యాకప్ తీసుకున్నాను.